ఫిబ్రవరిలో వెస్ట్ ఎల్లోస్టోన్: మంచు అడవిలో రోజంతా స్నోమొబైల్ రైడ్, ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ఓరుగల్లు క్లాసిక్, హన్మకొండ

అందరికీ నమస్తే. మేడారం జాతర అయ్యాక, ఫిబ్రవరి రెండో వారంలో నేనూ మా ఆవిడా అమెరికా పోతున్నాం. మా తమ్ముడూ మరదలూ సాల్ట్ లేక్ సిటీలో ఉంటారు. అక్కడి నుంచి కారులో అయిదారు గంటలు పోతే మోంటానా రాష్ట్రంలో వెస్ట్ ఎల్లోస్టోన్ అని చిన్న ఊరు ఉందట, చుట్టూ కొండలు, అడవి, చలికాలమంతా మంచే. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) అద్దెకు తీసుకొని ఆ అడవి దారుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగొచ్చని తమ్ముడు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నా మనసంతా అక్కడే ఉంది.

బండి నాకు కొత్త కాదు. చలికాలం పొద్దున్నే పస్రా దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు టేకు చెట్ల మధ్య రోడ్డు మీద పోవడమంటే నాకు ప్రాణం. కానీ మంచు మీద బండి నడపడం సంగతి పక్కన పెడితే, మంచు పడడం కూడా ఇంతవరకు కళ్లతో చూడలేదు. పేపర్లో సిర్పూర్ యూలో 5 డిగ్రీలు అని చదివితేనే ఇక్కడ మనం రెండు దుప్పట్లు తీస్తాం, అక్కడేమో సున్నాకి కింద ఇరవై కూడా మామూలేనట.

కొన్ని డౌట్లు ఉన్నాయి. ఆ ఊరి పక్కనే ఉన్న ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు లోపలికి పోవడం మంచిదా, బయటి అడవిలో తిరగడం మంచిదా? గైడ్ లేకుండా నలుగురం మేమే పోవచ్చా? కొత్తవాళ్లు ఒక రోజులో ఎన్ని మైళ్లు పెట్టుకుంటే సుఖంగా ఉంటుంది, మధ్యలో పెట్రోల్ దొరుకుతుందా? మా ఆవిడ నా వెనకాల కూర్చోవాలా, వేరే బండి తీసుకోవాలా? తను స్కూటీ బాగా నడుపుతుంది, భయం లేదు. బట్టల సంగతి కూడా చెప్పండి, ఇక్కడ చౌరస్తాలో కొనుక్కొని పోయేవి ఏమైనా ఉన్నాయా, అన్నీ అక్కడేనా? మన దగ్గర్నుంచి పోయినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి, తేదీ ఇంకా బుక్ చేయలేదు.

ఎల్ఎండీ కట్ట, కరీంనగర్

అన్నా, మాది కరీంనగరే, ఇప్పుడు ఉండేది ఐడాహో ఫాల్స్‌లో, మీరు సాల్ట్ లేక్ నుంచి పోయే దారిలోనే. చలికాలం సెలవు దొరికితే మేము ఆ అడవిలోనే ఉంటాం కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు పార్కా, బయటి అడవా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే రెండూ పూర్తిగా వేరు. పార్కు లోపలికి బండి వేసుకొని మన ఇష్టం వచ్చినట్టు పోనివ్వరు. లైసెన్స్ ఉన్న కంపెనీ గైడ్‌తో పోవాలి, లేదంటే లాటరీలో పర్మిట్ తెచ్చుకోవాలి, అది నెలల ముందే పెట్టుకోవాల్సిన పని. పొగ, చప్పుడు తక్కువని పార్కు వాళ్లు ఒప్పుకున్న మోడళ్లనే లోపలికి రానిస్తారు, గంటకు 35 మైళ్లు దాటకూడదు. గేటు నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ 30 మైళ్లు. అది దాదాపు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది, చూసి, తిని, వెనక్కి వచ్చేసరికి రోజు గడిచిపోతుంది. విదేశీయులకు 2026 జనవరి నుంచి మామూలు టికెట్ మీద మనిషికి ఇంకో 100 డాలర్లు వేస్తున్నారు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. చూడడానికి గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ అది వరసలో గైడ్ వెనకాల పోయే రైడ్.

బయటి అడవి అంటే మోంటానా వైపు కస్టర్ గాలటిన్ నేషనల్ ఫారెస్ట్, ఐడాహో వైపు కారిబూ టార్గీ. ఊరి అంచు నుంచే ట్రైల్స్ (స్నోమొబైల్ దారులు) మొదలై కొండల మీదుగా రాష్ట్రం సరిహద్దు దాటి ఐలాండ్ పార్క్ అనే ఊరి దాకా పోతాయి. గైడ్ ఉండి తీరాలని రూలు లేదు. మీరు అడుగుతున్నది ఇదే అనిపిస్తోంది, నా ఓటు కూడా దీనికే. అయితే మంచే చూడని మనుషులు కాబట్టి మొదటి పూటకైనా గైడ్‌ను పెట్టుకోండి. దానికి పెట్టే డబ్బు ఎక్కడికీ పోదు, వాళ్లు రెండు గంటల్లో నేర్పేది వీడియోలు చూసి నేర్చుకోలేం.

దారి గురించి. చీకటి పడ్డాక పెద్ద యంత్రం ఒకటి వెనకాల బరువైన ఇనుప చట్రాన్ని లాక్కుంటూ గుంతలన్నీ చెక్కేసి మంచును అదిమేస్తూ పోతుంది. అలా అదిమిన మంచు కొన్ని గంటలు కదలకుండా చలికి ఉంటేనే గట్టిపడుతుంది. అందుకే పొద్దున ఎనిమిది, తొమ్మిదింటికి బయలుదేరినవాళ్లకు దొరికే దారి మధ్యాహ్నం వచ్చినవాళ్లకు దొరకదు, అప్పటికి బండ్లు తిరిగి తిరిగి అడ్డంగా గుట్టలు లేచి ఉంటాయి, ప్రతి గుట్టకూ నడుము అదురుతుంది. శని ఆదివారాలు ఇంకా ఘోరం. ఫిబ్రవరి 16 సోమవారం ఇక్కడ ప్రెసిడెంట్స్ డే సెలవు, 14 నుంచి 16 దాకా ఊరంతా జనమే, గదుల రేట్లు కూడా పెరుగుతాయి. ఆ మూడు రోజులు వదిలేసి 17 తర్వాత వారం మధ్యలో పెట్టుకోండి. ట్రైల్ మీద ఆ యంత్రం ఎదురైతే బాగా పక్కకు తీసి ఆగిపోండి. అది లేపే మంచు పొడిలో మీరు దాని డ్రైవర్‌కు కనిపించరు.

ఇక బండి. క్లచ్ లేదు, గేర్లు లేవు, స్కూటీలాగే బెల్టు మీద నడుస్తుంది. ముందు మంచు మీద జారే రెండు పట్టీలు, వాటినే స్కీలు అంటారు, వెనక చక్రాలకు బదులు గుండ్రంగా తిరిగే రబ్బరు పట్టా, అదే ట్రాక్. బరువు మీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 195 కిలోలైతే ఇది దానికంటే చాలా ఎక్కువ, ఇద్దరు కూర్చునే టూరింగ్ బండి 300 కిలోల దగ్గర ఉంటుంది. బుల్లెట్ నడిపే మనకు ఒక్క విషయంలో ప్రమాదం ఉంది, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. యాక్సిలరేటర్ తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కే చిన్న మీట. భయం వేసినప్పుడు మనిషి సహజంగా హ్యాండిల్‌ను పిడికిలితో బిగించి పట్టుకుంటాడు, అలా బిగిస్తే బొటనవేలు మీటను పూర్తిగా నొక్కేస్తుంది, బండి ఆగాల్సిన చోట ఎగిరి పోతుంది. కొత్తవాళ్లు చెట్లకు కొట్టుకునేది ఎక్కువగా ఇలాగే. బ్రేక్ ఎడమ చేతికి. మీట వదిలేస్తేనే బండి బాగా నెమ్మదిస్తుంది కాబట్టి మలుపుకు ముందే వదిలేయడం అలవాటు చేసుకోండి. బండికీ మీ జాకెట్‌కూ మధ్య ఒక తాడు తగిలిస్తారు, మీరు పడితే అది ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. ఫొటో కోసం దిగి ఎక్కేటప్పుడు బద్ధకించి దాన్ని వదిలేసేవాళ్లను చూస్తుంటా, దయచేసి అలా చేయకండి.

దారి అంచు మోసం చేస్తుంది. మధ్యలో గట్టిగా ఉన్న మంచు పక్కకు రెండడుగులు పోగానే నడుము లోతు పొడి. ఒక స్కీ అందులోకి జారితే బండి మొత్తాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే ట్రాక్ కింద గొయ్యి తవ్వుకుంటూ ఇంకా దిగుతుంది. దిగండి, బండి ముందూ పక్కలా మంచును కాళ్లతో తొక్కి గట్టిచేయండి, కాసేపు ఆగండి, స్కీలను దారి వైపు తిప్పి ఇద్దరు లాగుతుంటే ఒకరు మెల్లగా మీట నొక్కాలి. అందుకే నలుగురు పోవడం మంచిది.

మైళ్ల సంగతి: కొత్తవాళ్లకు 60 మైళ్లు హాయిగా ఉంటుంది, 80 అంటే అలసిపోతారు, 100 అనుకోకండి. ఆగడాలు కలుపుకొని గంటకు 20 మైళ్లు లెక్క వేసుకుంటే తప్పు పోదు. పెట్రోల్ ఐలాండ్ పార్క్ వైపు దొరుకుతుంది, మధ్యలో కొండ మీద ఏమీ ఉండదు. ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు. కొత్త మంచు పడిన రోజు మైలేజీ బాగా పడిపోతుంది, ముందు రోజు లెక్క ఆ రోజు పనికిరాదు.

కాజీపేట జంక్షన్

పైన తమ్ముడు చాలా బాగా రాశాడు. నేను కాగితాల గురించి చెప్తా, మనవాళ్లు చివరి నిమిషంలో ఇబ్బంది పడేది అక్కడే.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ ఆర్టీఏలో తీసుకొనిపోండి, ఏడాది పాటు చెల్లుతుంది. అది ఒక్కటే చూపిస్తే సరిపోదు, మన అసలు లైసెన్స్ కూడా పక్కన ఉండాలి. మీ మేడమ్ వేరే బండి నడుపుతారంటే ఆమె పేరు మీద కూడా వేరేగా కావాలి, పార్కు లోపల నడిపే ప్రతి ఒక్కరికీ లైసెన్స్ తప్పనిసరి. అద్దెకిచ్చేవాళ్లు ఇండియా లైసెన్స్ ఒప్పుకుంటారా అని మెయిల్ పెట్టి, జవాబు రాతలో తెచ్చుకోండి, ఫోన్లో సరే అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీని చివరి పేజీ దాకా చదవండి. చాలా పాలసీల్లో మోటార్ స్పోర్ట్స్, అడ్వెంచర్ స్పోర్ట్స్‌కు కవర్ ఉండదు, స్నోమొబైల్ అని పేరు పెట్టి మరీ తీసేసినవి కూడా ఉంటాయి. అమెరికాలో ఒక ఎముక విరిగితే వచ్చే బిల్లు తలుచుకుంటేనే టెన్షన్. కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టైనా అది ఉన్న పాలసీయే తీసుకోండి. బండికి డ్యామేజీ కవర్ వేరే, దానికి కార్డు మీద డిపాజిట్ పట్టి ఉంచుతారు. మీ కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ చూసుకోండి, లేదంటే తమ్ముడి కార్డు ఇవ్వండి.

ఇక్కడ ఎవరైనా గుల్మార్గ్‌లో ఎక్కాం కదా అదే ఇది అంటే నమ్మకండి. అక్కడ మామూలుగా డ్రైవర్ ముందు కూర్చొని మనల్ని వెనకాల ఎక్కించుకొని ఒక రౌండు తిప్పి తెస్తాడు. మంచు చూసిన సంతోషం ఉంటుంది, రోజంతా సొంతంగా నడిపే దానికి అది ప్రాక్టీస్ కాదు.

గోదావరిఖని అక్క

నేను వెనకాల కూర్చొని పోయాను, ముందు కూర్చొని కూడా నడిపాను, మా అమ్మాయి మిన్నెసోటాలో ఉంటుంది. మగవాళ్లు ఎంతసేపూ బండి గురించే రాస్తారు, అక్కడ మనల్ని ఓడించేది చలి. లెక్క చెప్తా చూడండి. మైనస్ 18 డిగ్రీల చలిలో గంటకు 30 మైళ్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 32లాగా అనిపిస్తుంది. బండి 30 మైళ్లతో పోతుంటే ఆ గాలి మనమే పుట్టించుకుంటాం. బుగ్గ మీద రూపాయి బిళ్లంత చర్మం బయట ఉన్నా అరగంటలో తెల్లబడి మొద్దుబారుతుంది, నొప్పి కూడా తెలియదు. అందుకే ఆగిన ప్రతిసారీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి.

కాటన్ ఒంటి మీద ఏదీ వద్దు, లోపలి బనియన్లు, సాక్సులు కూడా. కాటన్ చెమట పీల్చి తడిగా అలాగే ఉంటుంది, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. చర్మానికి ఆనేది ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ దూరని జాకెట్, ప్యాంటు. పైవీ బూట్లూ హెల్మెట్టూ అద్దెకు వాళ్లే ఇస్తారు, ఇక్కడి నుంచి మోసుకుపోకండి. థర్మల్స్ మాత్రం సొంతవి ఉండాలి. సాక్సులు రెండు జతలు బిగించి వేస్తే వెచ్చగా ఉంటుందని అందరూ అనుకుంటారు, నిజానికి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక్క మందం జత, బూటులో వేళ్లు కదిలేంత చోటు, అది చాలు.

చున్నీలు, పొడుగు స్కార్ఫులు అసలు వద్దు, ట్రాక్‌లో చిక్కుకుంటే మెడకే ముప్పు. తల, ముఖం, మెడ కలిపి కప్పే బాలక్లావా దొరుకుతుంది, అది వేసుకోండి. చెవి కమ్మలు, ముక్కుపుడక గదిలోనే తీసి పెట్టమని మీ ఆవిడకు చెప్పండి, లోహం చల్లబడి చర్మాన్ని కాలుస్తుంది. కళ్లద్దాలు ఉంటే ఇంకో తిప్పలు, ఊపిరి ఆవిరి అద్దం మీదే గడ్డకడుతుంది. వేడెక్కే అద్దం ఉన్న హెల్మెట్ ఉందా అని అడగండి, కొంచెం ఎక్కువైనా తీసుకోండి. మబ్బు పట్టిన రోజు నీడలు పడవు, దారిలో ఎత్తేదో పల్లమేదో తెలియదు, అప్పుడు పసుపు రంగు అద్దం చాలా సాయం.

వెనకాల కూర్చోవడం గురించి నా అనుభవం: వెనకవాళ్లకు గుట్టలు ముందు కనబడవు, పట్టుకునే చోటు దగ్గర చేతులు వెచ్చబడే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి, కదలకుండా కూర్చుంటే చలి రెట్టింపు. నడిపేవాళ్లకు ఒళ్లు కదులుతూనే ఉంటుంది, అలసట వేరు కానీ చలి తక్కువ. స్కూటీ నడిపే మనిషి, భయం లేదంటున్నారు, వేరే బండి ఇప్పించండి. నేనైతే ముందు కూర్చున్న రోజే బాగా సంతోషపడ్డాను.

తిండికి సకినాలు పట్టుకుపోండి. నిజంగా చెప్తున్నా. తడి ఉండదు కాబట్టి గడ్డకట్టవు, చాక్లెట్లేమో పళ్లు విరిగేంత గట్టిపడతాయి. నీళ్ల సీసా, ఫోన్ రెండూ జాకెట్ లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, బయట ఉంటే నీళ్లు గడ్డ, ఫోన్ చార్జింగ్ సగానికి పడిపోతుంది.

ఓరుగల్లు క్లాసిక్, హన్మకొండ

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ చేతులెత్తి దండం. మీ పోస్టులు మా ఆవిడకు చదివి వినిపించా, వేరే బండే కావాలని తేల్చేసింది, అక్కకు థ్యాంక్స్ చెప్పమంది. 18 బుధవారం అనుకుంటున్నాం. పొద్దున గైడ్‌తో టూ టాప్ కొండ దాకా పోయి రావడం, మధ్యాహ్నం నలుగురం సొంతంగా బిగ్ స్ప్రింగ్స్ అని తమ్ముడు మ్యాపులో చూపించిన చోటికి. కుదురుతుందా? ఇంకో మాట, కొండల మీంచి మంచు పెళ్లలు విరిగిపడే హిమపాతాలు వీడియోల్లో చూస్తే గుండె గుబేలుమంటోంది, ఆ ట్రైల్స్ మీద అలాంటిది ఉంటుందా?

ఎల్ఎండీ కట్ట, కరీంనగర్

బుధవారం మంచి ఎంపిక అన్నా. టూ టాప్ పైన గాలికి మంచు చెట్లను పూర్తిగా కప్పేసి కొమ్మా ఆకూ కనబడకుండా తెల్లటి మనుషుల్లా నిలబెడుతుంది, దెయ్యం చెట్లని ఇక్కడి పిలుపు. అది చూడకుండా రావద్దు. ఊరే దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది, కొండ పైకి ఇంకా 600 మీటర్లు ఎక్కుతారు, సాల్ట్ లేక్‌లో రెండు రోజులు ఉండి వస్తే ఎత్తు కొంత అలవాటవుతుంది. తలనొప్పి మొదలైతే నీళ్లు తాగండి, తగ్గకపోతే కిందికి దిగండి.

బిగ్ స్ప్రింగ్స్ ఐడాహో వైపు. భూమిలోంచి పైకొచ్చే నీళ్లు ఏడాదంతా 11 డిగ్రీలే కాబట్టి చుట్టూ ఎంత మంచున్నా అక్కడ గడ్డకట్టదు, పెద్ద ట్రౌట్ చేపలు అడుగున తిరుగుతూ కనిపిస్తాయి. కానీ పొద్దున టూ టాప్ పోయి ఊరికి తిరిగొచ్చి, మళ్లీ మధ్యాహ్నం అటు బయలుదేరడం ఒకే రోజులో వద్దు, చీకట్లో ఇరుక్కుంటారు. ఫిబ్రవరి మధ్యలో పొద్దు ఆరింటికి గుంకుతుంది, కొండల నీడలో నాలుగున్నర నుంచే చలి పెరుగుతుంది. ఆ రెండూ కలిసేలా గైడ్‌ను రోజంతా పెట్టుకొని ఒకే చుట్టుగా పోండి, ఐలాండ్ పార్క్ దగ్గర పెట్రోల్, భోజనం. లేదంటే టూ టాప్ ఒక్కటే చూసి, మధ్యాహ్నం ఊరి దగ్గరి చదును ట్రైల్స్ మీద సొంతంగా తిరగండి. నన్నడిగితే మీకు రెండోదే సరిపోతుంది. ఏదైనా సరే, ఎక్కడున్నా ఒంటిగంటకు బండ్లు ఊరి వైపు తిరగాలని పొద్దున్నే నలుగురూ అనుకోండి.

హిమపాతాల సంగతి: చెట్ల మధ్య యంత్రంతో చదును చేసిన దారి మీద భయం చాలా తక్కువ. ప్రమాదమంతా చెట్లు లేని నిటారు వాలుల మీద, వాటి కిందా. పక్కన తెల్లగా ఖాళీ వాలు కనబడగానే ఒక్కసారి పైదాకా ఎక్కించి చూద్దామనిపిస్తుంది, మీకంటే ముందు పోయినవాళ్ల జాడలు కూడా ఉంటాయి. వాళ్ల దగ్గర మంచు కింద పడ్డవాళ్లను వెతికే బీకన్, పార, పొడుగు కడ్డీ ఉంటాయి, వాడడం నేర్చుకొని ఉంటారు, అయినా కొందరు చనిపోతున్నారు. మీరు దారి దిగకండి. బోజ్‌మన్‌లో ఉన్న గాలటిన్ అవలాంచ్ సెంటర్ వాళ్లు చలికాలంలో రోజూ పొద్దున రిపోర్టు పెడతారు, అందులో వెస్ట్ ఎల్లోస్టోన్ పక్కనున్న లయన్‌హెడ్ ప్రాంతం కూడా ఉంటుంది, బయలుదేరే ముందు చదవండి.

సిగ్నల్ ఊరు దాటగానే పోతుంది, మ్యాపు ముందే ఫోన్లో దించుకోండి. తమ్ముడి దగ్గర ఐఫోన్ 14 గానీ తర్వాతిది గానీ ఉంటే శాటిలైట్ ఎస్ఓఎస్ ఎలా పంపాలో ఇంట్లోనే చూసుకోమనండి. ఎప్పుడూ కుడి పక్కనే, ముఖ్యంగా మలుపుల్లో. ఎదురొచ్చేవాళ్లు చేతి వేళ్లు చూపిస్తే వెనకాల ఇంకా అన్ని బండ్లు వస్తున్నాయని, పిడికిలి చూపిస్తే ఆయనే ఆఖరు అని. దారి మీద మూస్ (చాలా పెద్ద దుప్పి లాంటి జంతువు) నిలబడి ఉంటే దూరంగా ఆగండి. లోతు మంచులో దానికి నడవడం కష్టం, గట్టి దారి వదిలి పోవడానికి ఇష్టపడదు, తరిమితే మీ మీదికే వస్తుంది.

బుకింగ్ అయ్యాక బండి మోడల్ ఇక్కడ పెట్టండి, ట్యాంకు ఎంతో చూసి మైళ్ల లెక్క నేను వేసిస్తా.